ఫోనులో నవల పట్టుకుని లాలాగూడకి

మా పోస్టాఫీసులో స్మార్ట్‌ఫోను కొన్న మొదటి మనిషిని నేనే. గొప్పకి చెప్పడం లేదని అనను, గొప్పకే చెబుతున్నాను. కొన్న కొద్దిరోజులకే అందులో తెలుగు పుస్తకాలు కూడా చదవొచ్చని తెలిసింది. ఇక చూసుకోండి. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో మా ఆయనే లెక్కపెట్టుకోవాలి. కూర మాడినా, పాలు పొంగినా నాకు పట్టదు. విజయనగరంలో మా వీధి వాళ్ళందరికీ ఆ ఫోను తెరిచి చూపించాను, అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ.

ఆ ఫోనుతోనే ఈమధ్య సికింద్రాబాదు వెళ్ళొచ్చాను. వెళ్ళింది మా రాజక్క కోసం. నాకు నవలల పిచ్చి అంటించింది అక్కే. ఒక్కరోజు అద్దెకి తెచ్చిన పుస్తకాన్ని ఇద్దరం ఒకే దిండు మీద తలలు పెట్టుకుని చదివేవాళ్ళం. అక్క పేజీ తిప్పే వేళకి నేనింకా సగంలో ఉండేదాన్ని. అలాంటి మనిషికి షుగరు వల్ల కుడికన్ను చూపు కొన్నేళ్ళ కిందటే పోయింది. మిగిలిన ఎడమకంటికి ఈ మధ్యే ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగిందిట, కానీ అక్క వారపత్రిక మానేసింది, పేపరు మానేసింది. ఎవరేం చెప్పినా "నా చదువైపోయింది" అంటోందని బావగారు ఫోనులో చెప్పారు. ఆ మాట విని నేను సెలవు చీటీ రాసేశాను. నా ఫోనులో అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది కదా. అక్క చేత మళ్ళీ చదివించకుండా తిరిగి రాకూడదని రైలెక్కాను.

రైల్లో

రైలు ప్రయాణంలో నాకు తెలిసొచ్చిన మొదటి సంగతి, ఈ కాలంలో కిటికీ సీటు కన్నా ఛార్జింగు ప్లగ్గు పక్క సీటు గొప్పదని. మా పెట్టెలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. దాని పక్కన విశాఖపట్నంలో ఎక్కిన అమ్మాయి కూర్చుంది. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగంట. సెలవుకి ఇంటికొచ్చి వెళ్తూ కూడా మెడలో కంపెనీ కార్డు తీయలేదు. ఆ అమ్మాయి కూడా ఫోనులో ఏదో నవల చదువుతోంది, ఇంగ్లీషుది. నేను చదువుతున్నది తెలుగని చూసి ఆశ్చర్యపోయింది. పదో తరగతి పరీక్ష రాశాక తెలుగు ముట్టుకోలేదంది. నేను ఊరుకుంటానా? ఫోను చేతిలో పెట్టి మొదటి పేజీ చదవమన్నాను. ముందు కూడబలుక్కుంటూ చదివింది. తర్వాత పైకి చదవడం మానేసి మనసులో చదువుకోసాగింది. సామర్లకోట దాటాక కూడా నా ఫోను నాకివ్వలేదు. గోదావరి మీద వంతెన వచ్చింది, అందరూ కిటికీల దగ్గరికి చేరారు, ఆ పిల్ల తలెత్తలేదు.

అది డిటెక్టివ్ నవల. ఒక ఊళ్ళో రైస్ మిల్లు ఓనరు పడుకున్నవాడు పడుకున్నట్టే చచ్చిపోతాడు. మందిచ్చిన కాంపౌండరు మీద అందరికీ అనుమానం. ఊరికి కొత్తగా వచ్చిన లాయరమ్మ ఒక్కతే అతను చేయలేదంటుంది. అక్కకి ఇలాంటివంటే ప్రాణం. కాగితం పుస్తకం ధరలో సగానికే దొరికింది. అక్కతో కలిసి చదవాలని నేను కొన్ని పేజీలు దాటి ముందుకు వెళ్ళకుండా మనసు బిగబట్టుకుని ఉన్నాను.

తీరా ఫోను చేతికొచ్చాక సమోసా తింటుంటే చట్నీ తెర మీద పడింది. కొంగుతో గబగబా తుడిచాను. తుడిచినకొద్దీ పేజీలు తిరిగిపోయి ఎక్కడో పుస్తకం నడుమకి వెళ్ళింది. అక్కడ కనిపించిన మొదటి వాక్యంలోనే ఇంకొకరు చచ్చిపోయారు. గట్టిగా కళ్ళు మూసుకుని ఫోను ఆ అమ్మాయికిచ్చి, నా చోటు వెతికిపెట్టమ్మా అన్నాను. వెతికిపెట్టి, ఎక్కడ ఆపితే అక్కడే మళ్ళీ తెరుచుకుంటుంది ఆంటీ, తుడిచేటప్పుడు మాత్రం తెర ఆపేయండి అని చెప్పింది. ఇన్నాళ్ళూ అంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

లాలాగూడ

సికింద్రాబాదు స్టేషన్లో దిగగానే బావగారు కనిపించారు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వెంటనే ఇంటికి తీసుకెళ్ళకుండా స్టేషను ఎదుట ఇరానీ హోటల్లో టీ తాగించారు. మా ఊళ్ళో టీ అంటే అల్లం ఘాటు. ఇక్కడిది పాయసంలా చిక్కగా ఉంటుంది. పక్కన ఉస్మానియా బిస్కెట్టు, ఉప్పూ తీపీ రెండూ ఉంటాయి. ముంచి తినమన్నారు. ముంచాను, సగం విరిగి కప్పులో పడింది. ఇక్కడ అందరికీ అదే జరుగుతుందని, స్పూను అందుకే ఇస్తారని ఆయన ఓదార్చారు.

లాలాగూడలో వాళ్ళుండేది రైల్వే క్వార్టర్సు. వర్క్‌షాపు సైరను కూస్తే కాలనీ ఆడవాళ్ళు గడియారం చూడకుండానే పొయ్యి మీద ఎసరు పెడతారు. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది, నల్లకళ్ళజోడు పెట్టుకుని. నా మొహం తడిమి, "ఏటే, ఇంతలా లావయిపోయేవు" అంది. చూపు తగ్గినా ఎత్తిపొడుపు తగ్గలేదని నాకు ప్రాణం లేచొచ్చింది.

భోజనంలో ఆవ పెట్టిన అరటికాయ కూర చేసింది. పాతికేళ్ళుగా ఇక్కడున్నా వంట మాత్రం మనదే. తిన్నాక నేను ఆగలేక ఫోను తీసి, అక్షరాలు పెంచి చూపించబోయాను. అక్క చేత్తో పక్కకి తోసేసింది. "నువ్వు చదువు, వింటాను" అంది. సరే, మొదలంటూ పెడదామని మధ్యాహ్నం వెనక వరండాలో కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

అక్క పక్కింటి స్నేహితురాలు అంజమ్మ తెల్లారే బోయిన్‌పల్లి మార్కెట్లో ఆకుకూరలు కొని కాలనీలో అమ్ముతుంది. మధ్యాహ్నం తీరికైతే అక్క దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఆవిడ ఎప్పుడొచ్చిందో కానీ చాలాసేపు మెట్టు మీద నోరెత్తకుండా కూర్చుంది. నేను మంచినీళ్ళకి ఆగితే నెమ్మదిగా అక్కనడిగింది.

"రాజక్క, మీ చెల్లె గంటసేపాయె ఫోన్ మాట్లాడవట్టి. గా కాంపౌండర్ మీ చుట్టమా? పోలీసోళ్ళు గిట్ల సతాయిస్తున్నరు పాపం."

నేను నవ్వాపుకోలేక ఫోను కింద పెట్టేశాను. అది నవల అని చెప్పినా ఆవిడ ముందు నమ్మలేదు. పుస్తకం లేకుండా నవలేంది, నీ మనసులకెల్లి చెప్తున్నవా అంది. దగ్గరికి పిలిచి తెర మీద అక్షరాలు చూపించాను. ఆవిడకి చదవడం రాదు. అయినా వేలితో పేజీ తిప్పి, తిరిగిందని మురిసిపోయి, వెల్లుల్లి గంప తెచ్చుకుని స్థిరపడింది. సరిగ్గా ఆ సమయంలో మా పోస్ట్‌మాస్టరు ఫోను చేశారు. లాయరమ్మ తలుపు తోసిన చోట ఆయన పేరు వచ్చి నిలబడింది. "జెర గాయనకు చెప్పు, కాంపౌండర్ బయటపడ్డంక చేస్తమని" అంది అంజమ్మ. నేను అలాగే కట్ చేశాను.

బోయిగూడ

మర్నాడు అక్కని కళ్ళ డాక్టరుకి చూపించాలి. చదవగలదో లేదో డాక్టరమ్మ ఆ రోజే చెబుతానందిట. ఆటోలో బోయిగూడ వెళ్ళాం. ఆ సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు గుమ్మమెక్కి దారివ్వాలి. కలప దుకాణాల నుంచి రంపపు పొట్టు వాసన, మధ్యలో ఎక్కడో మిర్చి బజ్జీలు వేగుతున్న వాసన. మా ఊళ్ళో బజ్జీని చీల్చి వాము, చింతపండు, ఉల్లిపాయ కూరుతారు. ఇక్కడ అలాగే ఇస్తారు, కారం తిన్నవాడి కర్మ.

ఆ క్లినిక్కులో పద్ధతేమిటంటే, వచ్చినవాళ్ళందరికీ కంట్లో చుక్కలు వేసి కళ్ళు మూసుకోమంటారు. కంటిపాప పెద్దదయ్యేదాకా అలా కూర్చోవాలి. చిన్న హాలు, గోడల వెంట బెంచీలు, వాటి మీద కళ్ళు మూసుకున్న మనుషులు. టీవీ ఉంది, ఎవరు చూస్తారు? పేపరుంది, ఎవరు చదువుతారు? అక్క చేయి చల్లగా ఉంది. నాకు తెలిసిన మందు ఒకటే. ఫోను తీసి, ఆమె చెవి దగ్గరగా చదవసాగాను.

కాసేపటికి అవతలి బెంచీ మీది పెద్దాయన, మిలిటరీలో చేసి వచ్చినవారట, కొంచెం గట్టిగా చదవమ్మా అన్నారు. గట్టిగా చదివాను. కళ్ళు మూసుకున్న తలలన్నీ ఒక్కొక్కటే నా వైపు తిరిగాయి. బురఖా వేసుకున్న ఒకావిడ తెలుగు అంతగా రాదంటూనే పక్కావిడని అడిగి అడిగి కథ అందుకుంటోంది. మిల్లులో ధాన్యం బస్తాల వెనక మందు సీసా దొరికిన ఘట్టం అది. అప్పుడే నర్సు పెద్దాయన పేరు పిలిచింది. ఆయన కళ్ళు తెరవకుండానే చేయెత్తి, "జెర ఆగు బిడ్డా, సీసా మీద ఎవరి పేరున్నదో తెల్వనీ" అన్నారు. నర్సు కోప్పడబోయింది. అంతలో ఆ పేరు ఎవరిదో తనూ వినాలనిపించినట్టుంది, తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో సభలు చూశాను. ఇంత శ్రద్ధగా విన్న జనాన్ని నేను చూడలేదు. ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి.

మా వంతు వచ్చింది. డాక్టరమ్మ అక్క కంట్లో లైటు వేసి చాలాసేపు చూసింది. "అమ్మా, హీలింగ్ బాగుంది. కానీ పేపర్లో ఉండే సైజు అక్షరాలు మళ్ళీ చదువుతారని నేను ప్రామిస్ చేయలేను. పెద్ద అక్షరాలు ట్రై చేయండి. రోజూ కొంచెం కొంచెంగా, అలసట అనిపిస్తే ఆపేయాలి" అంది. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. అక్క నల్లకళ్ళజోడు పెట్టుకుని లేచింది.

బయటికొచ్చి హోటల్లో కూర్చున్నాం. నా తొందర నన్ను నిలవనిస్తేనా! టీ రాకముందే అక్షరాలు గుమ్మడికాయలంత చేసి, అక్క నల్లకళ్ళజోడు తీసి, ఫోను మొహానికి పట్టాను. అక్క చూసింది. కన్ను చికిలించి మళ్ళీ చూసింది. ఆమె మొహం పాలిపోయింది.

"తెల్లగా మంటలాగుంది. అక్షరమన్నదే లేదు" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కంట్లో చుక్కలు వేశారు. సాయంత్రం దాకా చూపు మసకగానే ఉంటుందని నర్సు ఒకటికి రెండుసార్లు చెప్పింది. లెంపలేసుకున్నాను, బతిమాలాను, అది మందు ప్రభావమేనని ఒట్టేశాను. అక్క నమ్మలేదు. కళ్ళజోడు పెట్టేసుకుంది. ఆటోలో కూర్చున్నాక అటు తిరిగి చెప్పింది.

"చూడనంతకాలం చదవగలనేమోనన్న ఆశ ఉండేదే. అందుకే ముట్టుకోలేదు. ఇప్పుడది కూడా తీసీసేవు."

నేను దార్లో ఏడ్చాను. ఆటో అతను అద్దంలో చూసి పాట ఆపేశాడు.

బోయిన్‌పల్లి

మర్నాడు తెల్లవారుతూనే అంజమ్మ తనతో మార్కెట్టుకి రమ్మని పిలిచింది. ఇంట్లో అక్క మౌనం భరించలేక వెంటనే బయల్దేరాను. బావగారు అప్పటికే పొద్దుటి షిఫ్టుకి వెళ్ళిపోయారు.

బోయిన్‌పల్లి మార్కెట్టు చూడాల్సిందే. లారీల్లోంచి టమాటా డబ్బాలు దిగుతుంటాయి. క్యాబేజీలు గుట్టలు. మా ఊళ్ళో వంకాయలు కుప్పలు పోసి కుప్ప ఇంతని అమ్ముతారు. ఇక్కడ బస్తాకి తక్కువ మాటే లేదు. కొత్తిమీర కట్ట ధరకి మా ఊళ్ళో కరివేపాకు కూడా రాదు, కాకపోతే యాభై కట్టలు కొనాలి. అంజమ్మ బేరమాడుతుంటే చూడాలి. అమ్మేవాడు ధర చెబుతాడు, ఆవిడ ఏమీ అనకుండా గోంగూర కట్ట వాసన చూసి కింద పెట్టేస్తుంది. అతనే తగ్గిస్తాడు. గోంగూరని ఇక్కడ పుంటికూర అంటారు. ఆ పేరు మీద మేమిద్దరం వాదించుకున్నాం, ఎవరూ ఓడలేదు. తర్వాత ఆవిడ మూటలోంచి సర్వపిండి తీసి పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి కలిపి గిన్నెలో అద్ది కాలుస్తారట. చల్లారినా ఎంత బాగుందో! ఫోటో తీద్దామని సంచిలో చేయి పెడితే ఫోను లేదు. వంటింటి గూట్లో ఛార్జింగుకి పెట్టి మరిచిపోయి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి పొద్దెక్కింది. అక్క వరండాలో కూర్చుని ఉంది. మేం తెచ్చిన పుంటికూర ఒళ్ళో వేసుకుని ఆకు తుంచడం మొదలుపెట్టింది. ఇవాళ చదవొద్దంటుందేమోనని భయపడుతూ ఫోను తీసి పుస్తకం తెరిచాను.

తెరలో నాలుగంటే నాలుగు మాటలు, వేలెడంత అక్షరాలతో ఉన్నాయి. హోటల్లో నేను పెంచిన అక్షరాలు రాత్రే తగ్గించేశాను కదా అనుకున్నాను. మేం ఆపింది క్లినిక్కులో, సీసా దగ్గర. ఇక్కడేమో లాయరమ్మ రైలు దిగుతోంది. అంటే రెండు అధ్యాయాలు దాటిపోయింది. ఛార్జరు తీసేటప్పుడు చేయి తగిలి పేజీలు తిరిగాయా? తగిలితే తిరుగుతాయి, అక్షరాలెలా పెరుగుతాయి? బావగారు షిఫ్టులో ఉన్నారు. అంజమ్మ నాతో ఉంది.

అక్క వైపు చూశాను. తల వంచుకుని ఆకు తుంచుతోంది. అంజమ్మకి క్లినిక్కులో చదివిన కథ రెండు మాటల్లో చెప్పి, నిన్నటి చోటు వెతుక్కుని అక్కడి నుంచే చదవసాగాను. అంజమ్మ మధ్యలో ఆపి, సీసా మీద గాయన పేరే దొరికింది గదా, ఇగ కాంపౌండర్‌కి ఉరే అని నిట్టూర్చింది.

"కాంపౌండరు కాదులే" అంది అక్క.

ఆమె చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. అంజమ్మ నా మొహం చూసింది, నేను అక్క మొహం చూశాను.

"రెండు ముక్కలు కనపడతాయేమోనని తెరిచేను" అంది అక్క నెమ్మదిగా. "కనపడ్డాయే. ఒక్కో మాటా, ఒక్కో మాటా... వదల్లేకపోయేను."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పుంటికూరంతా కింద పడేలా అక్కని పట్టేసుకున్నాను. అంజమ్మకి మాత్రం ఇంకో బాధ పట్టుకుంది. చంపిందెవరో చెప్పొద్దని రెండు చేతులూ జోడించింది. తర్వాత ఫోను నా చేతిలోంచి తీసుకుని అక్క చేతిలో పెట్టి, "అయితే నువ్వే సదువు రాజక్క" అంది.

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. ఫోను ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుంది. నాలుగు మాటలు చదివి వేలితో తోస్తుంది, ఇంకో నాలుగు మాటలు. తోసే లోపల వాక్యం ఆగిపోతుంది. నాకైతే మిగతా మాట అందించేయాలని నాలుక పీకింది, నొక్కిపట్టుకున్నాను. మధ్యలో కన్ను మూసుకుని విశ్రాంతి తీసుకుంది, మళ్ళీ అందుకుంది. షిఫ్టు దిగిన బావగారు క్యారియరు పట్టుకుని వచ్చి వరండా తలుపు దగ్గర ఆగారు. లోపలికి రాలేదు, చెప్పులు విప్పలేదు. అక్క ఆ ఘట్టం పూర్తిచేసి తల ఎత్తేదాకా అలాగే నిలబడ్డారు. ఆ మనిషి కళ్ళు తుడుచుకోవడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

తిరుగు ప్రయాణం

బయల్దేరే రోజున నా సిమ్ము తీసి బావగారి పాత బటన్ ఫోనులో వేసుకున్నాను. స్మార్ట్‌ఫోనులో కొత్త సిమ్ము వేయించి అక్క దగ్గర వదిలేశాను. బావగారు తరువాత డబ్బు పంపుతానన్నారు, నేను పడనివ్వలేదు. స్టేషనుకి అంజమ్మ కూడా వచ్చి సర్వపిండి పొట్లం ఇచ్చింది. రైలు కదిలాక చేతులకి పని లేక దాన్ని కాజీపేట రాకముందే తినేశాను. ఆ నవల చివర ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. వీధిలో ఎవరైనా నీ ఫోనేదీ అని అడిగితే, లాలాగూడలో ఉద్యోగం చేస్తోందని చెబుతున్నాను.

మొన్న సోమవారం కౌంటరు దగ్గర జనం బారులు తీరి ఉండగా అక్క ఫోను చేసింది. ఒంట్లో బాగాలేదేమోనని కంగారుగా ఎత్తాను. బాగోగులేమీ అడగలేదు.

"అయిపోయిందే అది. ఇంకోటి ఎక్కించడం ఎలాగో చెప్పు" అంది.

వరసలో ఉన్నవాళ్ళు ఎన్ని అనుకున్నా సరేనని రిజిస్టరు ఉత్తరాలు పక్కన పెట్టి, ఏది నొక్కాలో, ఎక్కడ వెతకాలో మొదటి నుంచి చెప్పాను. అక్క ఒక్కోటీ పైకి చదువుకుంటూ నొక్కింది.